శేషాద్రి నీడలో సర్పభయము

తిరుమల కొండ నెక్కు యాత్రికుడు తాను ఎవరి దేహముపై అడుగు మోపుచున్నాడో తలచుకొన్నచో మేను పులకించును. ఆ ఏడుకొండలలో శేషాద్రి యొకటి. ఆదిశేషుడే పర్వతరూపము దాల్చి శ్రీనివాసునకు నెలవైనాడని పురాణములు వర్ణించినవి. బ్రహ్మోత్సవములలో తొలినాటి రాత్రి స్వామి పెద్దశేషవాహనముపైనను, మరునాటి ఉదయమున చిన్నశేషవాహనముపైనను తిరువీధులలో ఊరేగుచు దర్శనమిచ్చును. పాలకడలిలో శయ్యయై, వైకుంఠమున ఆసనమై, వసుదేవుడు పసికందును తలపై నిడుకొని యమునను దాటిన వానరాత్రి గొడుగై నిలిచినవాడు ఆ శేషుడే. త్రేతాయుగమున లక్ష్మణుడై అన్నను విడువక అడవులకు నడచినవాడును, కలియుగమున శ్రీపెరుంబుదూరులో భగవద్రామానుజులై అవతరించి శరణాగతి మార్గమును లోకమునకు పంచిపెట్టినవాడును ఆయనయే యని శ్రీవైష్ణవ సంప్రదాయము. తనకొరకు ఏమియు మిగుల్చుకొనక, స్వామికే చెందియుండుటయే శేషత్వము. ఆ శేషత్వమునకు రూపము కల్పింపవలసి వచ్చినపుడు మన పెద్దలు సర్పరూపమునే ఎన్నుకొనిరి.

ఆ యాత్రికుడే ప్రసాదము మూటతో ఇల్లు చేరును. పల్లెటూరు. ఆషాఢమాసము. సాయంకాలము కురిసిన వాన వెలిసినది. పొలములలోని నీరు బొరియలను నింపినది. రాత్రి భోజనములైన పిమ్మట కోడలు పెరటిలోని కట్టెల మోపు కడకు పోయి చేయి చాపబోవగా, చీకటిలో బుస్సుమను శబ్దము వినవచ్చును. ఇంటిల్లిపాదియు పరుగెత్తుకొని వత్తురు. వృద్ధురాలైన అత్తగారు చేతులు జోడించి, "నాగేంద్రా, నీ దారిన నీవు పోవయ్యా" అని వేడుకొనును. కుమారుడు మూలనున్న దుడ్డుకర్రను అందుకొనును. తలుపు చాటున నిలిచిన మనుమరాలు, "తాతయ్యా, అది స్వామివారి పాము కదా, కొట్టవచ్చునా?" అని అడుగును. కొండపై శేషవాహనమునకు చేతులెత్తి మ్రొక్కి వచ్చిన ఆ గృహస్థు ఏమని చెప్పవలెను?

ఇది పసిదాని ప్రశ్నయే యైనను చిన్న ప్రశ్న కాదు. 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము 2000 నుండి 2019 వరకు గల ఇరువది ఏండ్లలో మన దేశమున పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది మరణించిరి. అనగా సగటున ఏడాదికి 58,000 మంది. వీరిలో నాలుగవ వంతునకు పైగా పదునైదేండ్లలోపు పిల్లలే. మరణములలో అధిక భాగము పల్లెలలో, ఇండ్లయందే సంభవించినవి. సగము వానకాలమునందే జరిగినవి. మరణములు ఎక్కువగా నున్న ఎనిమిది రాష్ట్రములలో తెలంగాణముతో కలిపి లెక్కింపబడిన ఆంధ్రప్రదేశమును ఒకటి. 2018 ఆగస్టు మాసమున కృష్ణాజిల్లా దివిసీమలో ఒకరి వెంట ఒకరుగా అనేకులు పాముకాటునకు గురియైన సంగతి తెలుగువారు మరచియుండరు. పాముకు మ్రొక్కుట తెలిసిన జాతికి, పాముతో మెలగుట తెలియకపోయిన యెడల ఆ మ్రొక్కు సగమే యగును.

యమునాతీరమున స్వామి చూపిన మార్గము

ఈ ప్రశ్నకు సమాధానము దూరమున వెదుకనక్కరలేదు. శ్రీమద్భాగవతము దశమస్కంధమున గోపాలబాలుడే దానిని చేసి చూపినాడు.

గరుత్మంతునకు జడిసిన కాళియుడు యమునలోని ఒక మడుగును ఆశ్రయించెను. సౌభరి మహర్షి శాపము వలన గరుడుడు అచటికి రాజాలడు. కాళియుని విషముచేత ఆ మడుగు నీరు ఉడుకెత్తినట్లుండెను. పైనెగురు పక్షులు కూడ అందు పడి మరణించుచుండెను. ఎండకు తాళలేక ఆవులును గోపబాలురును ఆ నీరు త్రాగి ఒడ్డుననే ఒరిగిపోయిరి. అపుడు శ్రీకృష్ణుడు మొదట చేసినది పాముపై దుముకుట కాదు. అమృతమయమైన తన చూపుతో ఒరిగినవారిని లేపెను. ప్రాణములను నిలిపిన తరువాతనే కడిమిచెట్టు ఎక్కి మడుగులోనికి దూకెను. కాళియుని పడగలపై నర్తించి అతని మదమణచెను. నాగపత్నులు బిడ్డలను ముందిడుకొని శరణు వేడగా అతనిని చంపక విడిచెను. కాని, "ఇచటనే యుండుము" అని చెప్పలేదు. "ఈ నది గోవులును మనుష్యులును వాడుకొనవలసినది, నీవు నీ వారితో సముద్రమునకు పొమ్ము" అని ఆజ్ఞాపించెను. తన పాదముద్రలు అతని శిరస్సుపై నుండగా గరుడుని భయము లేదని అభయమును కూడ నొసగెను.

ఈ లీలలో మూడు ధర్మములు ఇమిడియున్నవి. విషము సోకినవారి ప్రాణరక్షణము అన్నిటికంటె ముందు. పాము నివాసమును మనుష్యుని నివాసమును వేరువేరుగా నుండవలెను. లొంగి తొలగిపోవు ప్రాణిని చంపరాదు. స్వామి కాళియుని దండించెను కాని ద్వేషింపలేదు. కరుణించెను కాని ఆలమందల నడుమ ఉండనీయలేదు. భయము వలన కర్ర ఎత్తువాడును, భక్తి పేరిట పాము చెంతకు పోవువాడును ఇద్దరును ఈ నడిమి మార్గమును తప్పినవారే.

రురుని కర్ర

మహాభారతము ఆదిపర్వమున రురుడను మునికుమారుని కథ కలదు. స్థూలకేశ మహర్షి ఆశ్రమమున పెరిగిన ప్రమద్వర అతనికి వాగ్దత్త. వివాహము సమీపించిన దినములలో ఆమె చెలికత్తెలతో ఆడుకొనుచు, త్రోవలో నిద్రించుచున్న పామును చూడక త్రొక్కెను. అది కరచెను. ఆమె ప్రాణము విడిచెను. రురుడు అడవిలో విలపించి, దేవదూత మాట ప్రకారము తన ఆయుర్దాయములో సగమిచ్చి ఆమెను బ్రతికించుకొనెను. అంతటితో కథ సుఖాంతమే. కాని రురుని మనస్సులో కోపము చల్లారలేదు. కనిపించిన పామునెల్ల చంపెదనని కర్ర చేతబూని అడవులు తిరుగసాగెను.

ఒకనాడు అతనికి డుండుభమను విషములేని ముసలిపాము కనబడెను. కర్ర ఎత్తినంతనే అది పలికెను: "నేను నీకేమి అపకారము చేసితిని? కరచినవి వేరు పాములు. రూపమొకటియైనంత మాత్రమున విషములేని మమ్ములను చంపుట న్యాయమా?" శాపవశమున పామైన ఋషి యతడు. స్నేహితుని బెదరించుటకై గడ్డితో పామును చేసి చూపిన పరిహాసమునకు ఆ రూపము పొందినవాడు. రురుని చూచుటతో శాపవిముక్తుడై, ప్రాణులను హింసింపకుండుటయే పరమధర్మమని బోధించి, మున్ముందు జనమేజయుని సర్పయాగమును ఆస్తీకుడు నిలిపిన వృత్తాంతమును సూచించెను.

రురుని కర్ర నేటికిని ప్రతి పల్లెలోను ఉన్నది. మన దేశమున 300కు పైగా పాముజాతులున్నవి. వీనిలో మనుష్యుని ప్రాణమునకు ముప్పు తెచ్చునవి కొన్ని మాత్రమే. మన పల్లెలలో మరణములకు కారణమగునవి ముఖ్యముగా నాలుగు. పడగ విప్పు నాగుపాము ఒకటి. నల్లని మేనిపై సన్నని తెల్లని కట్లు గల కట్లపాము రెండవది. వీపుపై గొలుసువలె మచ్చలు కలిగి కొలిమితిత్తివలె బుసకొట్టు రక్తపింజర మూడవది. పొలుసులు ఒకదానితో నొకటి రాచి రంపము కోసినట్టు చప్పుడు చేయు చిన్నపింజర నాలుగవది. ఇండ్లచుట్టును తరచుగా కనబడి దెబ్బలు తినునది మాత్రము జెర్రిపోతు. దానికి విషము లేదు. అది తినునది ఎలుకలను. రైతు ఆరుగాలము శ్రమించి గాదెకు చేర్చిన ధాన్యమును కూలి అడుగక కాపాడునది అదియే. దానిని చంపిన రైతు తన కావలివానిని తానే కొట్టుకొన్నట్లు.

అయితే పోలికను చూచి ధైర్యము చేయుటయు ప్రమాదమే. రక్తపింజరను కొండచిలువ పిల్ల యనుకొని చేతబట్టినవారు కలరు. విషములేని చిన్నపాములు కొన్ని కట్లపామును పోలియుండును. కనుక గుర్తు తెలిసినవాడును తెలియనివాడును చేయవలసిన పని ఒక్కటే: దూరముగా నుండుట. కాటులలో కొన్నింటికి పామును కొట్టబోవుటయో పట్టబోవుటయో కారణమగుచున్నది. చంపబడిన పాము తల కూడ కొంతసేపటి వరకు కరవగలదు. పాము చావకూడదు, కర్ర విరుగకూడదు అను సామెతను లోకులు ఎగతాళికి వాడుదురు. పాము విషయమున మాత్రము అది అక్షరాల ధర్మమే.

పుట్టకడ మ్రొక్కు

కార్తిక శుద్ధ చవితినాడు తెలుగు ఇల్లాండ్రు తలంటుకొని, పిల్లలను వెంటబెట్టుకొని పుట్టకడకు పోవుదురు. పాలుపోసి, చలిమిడియు చిమ్మిలియు నివేదించి, పుట్టమన్ను చెవులకు పెట్టుకొందురు. ఆనాడు వారు కోరు కోరికలో ఒక గొప్ప వివేకమున్నది. తెలియక తోక త్రొక్కినను నడుము త్రొక్కినను పగబట్టవద్దని వారు నాగదేవతను వేడుకొందురు. అనగా తప్పు పాముది కాదు, పాదముది అని ఆ తల్లులు ఏనాడో గ్రహించిరి. ప్రమద్వర పాదము చేసిన పొరపాటునే నాట్లు వేయు కూలివాని పాదమును, నీళ్లు కట్టు రైతు పాదమును నేటికిని చేయుచున్నవి.

పాము మనుష్యుని వెదకి వచ్చి కరచునది కాదు. దానికి మనుష్యుడు ఆహారము కాడు. వెలుపలికి కనబడు చెవులు దానికి లేవు. నేలపై కలుగు అదురును బట్టి అది మన రాకను గ్రహించి తొలగును. తొలగుటకు దారి లేనపుడు, పైన అడుగు పడినపుడు, భయముచేత కరచును. పగబట్టి వెంబడించుటకు తగిన జ్ఞాపకము దానికి లేదు. తాచుపాము పగ యని మనము చెప్పుకొను పగ నిజమునకు మనుష్యుని మనస్సులోనిది. రురుడు పాములపై బట్టిన పగకంటె పెద్ద పగ ఏ పాము పట్టినది?

పాలు పోయుట గూర్చియు ఒక మాట. పాములు పాలు త్రాగు జీవములు కావు. దప్పికగొన్నచో నీరు త్రాగును. పుట్టను కట్టునవి చెదపురుగులు. పాము అందు తలదాచుకొను అతిథి మాత్రమే. నాగులవాడు వీధిలో చూపు పాము పాలు త్రాగినట్లు కనబడుటకు కారణము దానిని దినముల తరబడి దప్పికతో మాడ్చియుంచుటయే. కోరలు ఊడబెరుకబడి అది అచిరకాలముననే మరణించును. అట్లు పామును పట్టి ఆడించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించిన కార్యము. దానికి పైసలు వేయుట పూజ యనిపించుకొనదు. ఆచారము ననుసరించి పుట్టకడ ఒక ఉద్ధరిణెడు పాలు సమర్పించి, మిగిలిన పాలను ఆ వీధిలోని పసిబిడ్డకు పోసినచో చవితి ఫలము తగ్గదు. ఆ పాలు త్రాగు పిల్లలోను అంతర్యామియై యున్నవాడు శేషశాయియే.

ఇల్లు చక్కబెట్టుటయు కైంకర్యమే

కాళియునకు సముద్రమును చూపిన స్వామి, గృహస్థునకు తన ఇంటిని చూచుకొమ్మని చెప్పకయే చెప్పినాడు. పాము ఇంటికి వచ్చుట ఎలుకకొరకును కప్పకొరకును. ఎలుక వచ్చుట చెదరిన గింజలకొరకు. కనుక ధాన్యమును మూతగల గాదెలలో నుంచి, వంటయింట మెతుకు మిగులకుండ ఊడ్చి, గోడల బొరియలను పూడ్చినచో పామునకు ఆ ఇంటిలో పనియుండదు. కట్టెలమోపు, పిడకల దొంతర, రాళ్లకుప్ప, పాత పెంకులు ఇంటిగోడకు ఆనించి పేర్చరాదు. వానిని దూరముగా, వీలైనచో నేలకు ఎత్తుగా నుంచవలెను. గడపముందరి పొదలను, కిటికీలకు ప్రాకు కొమ్మలను కొట్టివేయవలెను. తలుపు క్రింది సందును మూయవలెను. నీరు పోవు తూములకు జల్లెడ బిగింపవలెను. పెరటిచుట్టును చల్లు పొడులు, ద్రావకములు పామును ఆపునని నమ్మి చీపురును మూలబెట్టరాదు.

నేలపై పరుండుట మన పల్లెలలో పలువురకు అలవాటు. కట్లపాము రాత్రివేళ తిరుగునది. పరుండినవాని ప్రక్కకు చేరి, అతడు నిద్రలో కదలినపుడు కరచును. దాని కాటు చీమకాటువలెనైన తెలియకపోవచ్చును. గాటు కూడ కనబడకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పియని, గొంతునొప్పియని లేచి, కనురెప్పలు వ్రాలి, మాట తడబడి, ఊపిరి ఆడక మరణించిన వారెందరో కలరు. ఏదో తిన్నది వికటించినదనుకొని ఇంటివారు సొంటికషాయము కాచుచుందురు. వానకాలపు వేకువను ఇట్టి లక్షణములు కనబడినపుడు పాముకాటును తప్పక అనుమానింపవలెను. మంచముపై పరుండి, దోమతెర దించి దాని అంచులను పరుపు క్రిందికి గట్టిగా దోపుకొనుట దోమకును పామునకును ఒక్కటే కవచము.

చూచి శుద్ధమని తెలిసిన చోటనే పాదము మోపవలెనని యతిధర్మములలో పెద్దలు విధించిరి. క్రిమికీటకములను త్రొక్కకుండుటకై ఏర్పడిన ఆ నియమము గృహస్థుని ప్రాణమును కూడ కాచును. చీకటిలో పెరటికి పోవునపుడు చేత దీపము, కాలికి చెప్పు, గడ్డిలో నడచునపుడు ముందుగా నేలను తట్టు కర్ర ఉండవలెను. త్రాటిని చూచి పామని భ్రమించిన దృష్టాంతమును వేదాంతులు బహువిధములుగా చర్చించిరి. ఆ చర్చలలో ఎవరి పక్షము ఎట్లున్నను, చీకటిలో దీపము తేవలెనను విషయమున భేదాభిప్రాయము లేదు.

ఇన్ని జాగ్రత్తలకును మించి పాము ఇంటిలోనికి వచ్చినచో పిల్లలను, పశువులను దూరముగా పంపి, పాముపై కన్నుంచి, వెలుపలికి పోవు దారిని తెరచియుంచవలెను. పెక్కుమార్లు అది తనంతట తాను పోవును. పోక మూలకు చేరినచో అటవీశాఖ వారికి గాని, పాములను పట్టుటలో శిక్షణ పొందినవారికి గాని కబురు పంపవలెను.

వెనుకకు మరలిన వైద్యుడు

పరీక్షిన్మహారాజు వేటలో దప్పికగొని శమీకమహర్షి ఆశ్రమమునకు పోయెను. మౌనముననున్న ఋషి పలుకలేదను కోపముతో చచ్చిన పామును వింటికొనతో ఎత్తి ఆయన మెడలో వేసెను. ఋషికుమారుడు శృంగి శపించెను. ఏడవనాడు తక్షకుడు కరచునని తెలిసి రాజు గంగాతీరమున శుకమహర్షి ముఖమున భాగవతము నాలకించెను. ఈ కథ భక్తులందరికి తెలిసినదే. కాని అందులో త్రోవలో జరిగిన ఒక ఘట్టమును పలువురు తలపరు.

విషమును హరించు విద్యయందు ఆరితేరిన కాశ్యపుడను బ్రాహ్మణుడు రాజును బ్రతికింపవలెనని బయలుదేరెను. దారిలో తక్షకుడు ఎదురై అతని శక్తిని పరీక్షింపదలచి ఒక మఱ్ఱిచెట్టును కాటువేసెను. అది భస్మమయ్యెను. కాశ్యపుడు ఆ బూడిదనుండి చిగురును, ఆకులను, కొమ్మలను తిరిగి మొలిపించి చెట్టును నిలిపెను. తక్షకుడు విస్మితుడై, కోరినంత ధనమిచ్చెదను మరలిపొమ్మనెను. రాజునకు ఆయువు తీరినదని దివ్యదృష్టితో ఎరిగిన కాశ్యపుడు ధనము గైకొని మరలిపోయెను. కాపాడగల వైద్యుడు త్రోవ సగమున వెనుకకు తిరిగెను; రాజు మరణించెను.

పరీక్షిత్తునకు ఋషిశాపమున్నది, అతడు దానిని శిరసావహించి మోక్షమునకు సిద్ధపడినవాడు. నేటి పల్లెలో పాముకాటు తిన్న కూలితల్లికి ఏ ఋషి శాపమున్నది? ఆమె ఆయువు తీరినదని దివ్యదృష్టితో చూచినవాడెవడు? అయినను ఆమెకు రావలసిన వైద్యము త్రోవలోనే నిలిచిపోవుచున్నది. మంత్రగాని అరుగుపై ఒక గంట, పసరువైద్యుని పాకలో ఒక గంట గడచిపోవును. కరచినది విషములేని పామైనను, విషసర్పమే విషమెక్కింపక కరచినను రోగి ఎట్లును బ్రతుకును. ఆ కీర్తి మంత్రమునకు దక్కును. విషము నిజముగా ఎక్కిననాడు అదే నమ్మకము ప్రాణము తీయును. ప్రార్థన కూడదని కాదు. ప్రార్థన ఆసుపత్రికి పోవు బండిలో చేయవలెను. మొసలి నోట చిక్కిన గజేంద్రుడు మొరపెట్టినపుడు స్వామి ఉన్నవాడు ఉన్నట్లుగా బయలుదేరి వచ్చెను. రక్షించువాడే ఆలస్యము చేయలేదు. రక్షణ కోరువారు ఆలస్యము చేయుట తగునా?

కాటుపడినవానికి మొదట ధైర్యము చెప్పి కదలకుండ పరుండబెట్టవలెను. ఉంగరములు, గాజులు, కడియములు, మట్టెలు వాపు రాకముందే తీసివేయవలెను. కరచిన చేతిని గాని కాలిని గాని విరిగిన ఎముకకు కట్టినట్లు బద్దకట్టి కదలకుండ చేయవలెను. త్రాటితో బిగించి కట్టరాదు. నెత్తురు ఆడక ఆ అవయవమే చెడిపోవును. గాటుపెట్టరాదు, నోటితో పీల్చరాదు, కాల్చరాదు, పసరు పోయరాదు. రోగిని నడిపింపరాదు, పరుగెత్తింపరాదు. 108 వాహనమును పిలువవలెను. అది ఆలస్యమగునని తోచినచో రెండు చక్రముల బండిపైనైనను ఇద్దరి నడుమ కూర్చుండబెట్టుకొని పోవచ్చును. కరచిన వేళను గుర్తుంచుకొని వైద్యునకు చెప్పవలెను. పామును చంపి తీసికొనిపోవలసిన పని లేదు. నాగు, కట్లపాముల విషము నరములను పట్టి ఊపిరిని ఆపును. పింజరల విషము నెత్తురు గడ్డకట్టకుండ చేయును. రక్తపింజర విషమున మూత్రపిండములు కూడ చెడును. వైద్యుడు లక్షణములను బట్టి గుర్తించును. మన దేశమున వాడు విషహరమైన సూదిమందు ఈ నాలుగు జాతులకును కలిపి తయారైనదే.

ఆ మందు తయారగు తీరు భక్తునకు ఆలోచన కలిగించును. 1978లో తమిళనాడున ఇరుల జాతివారు సహకార సంఘముగా ఏర్పడిరి. తరతరములుగా పాములను పట్టుటయే వారి వృత్తి. వారు పామును చంపక విషమును మాత్రము పిండి, తిరిగి అడవిలో విడుతురు. ఆ విషమును కొలదికొలదిగా గుఱ్ఱములకు ఎక్కింపగా వాని రక్తమున విషమును అణచు శక్తి పుట్టును. దానినుండియే మందు సిద్ధమగును. పాము విషము, గుఱ్ఱము ఓర్పు, వనవాసి నేర్పు, వైద్యుని విద్య ఇవన్నియు కలిసిననాడు పల్లెలోని ఒక ప్రాణము నిలుచును. జ్ఞానమూర్తియైన హయగ్రీవుని కొలుచు శ్రీవైష్ణవులకు ఆ గుఱ్ఱమును తలచినపుడు చేతులు జోడింపవలెననిపించుట సహజము. పాలకడలిని చిలుకగా త్రాడైనవాడు వాసుకి. ఆ చిలుకుటలో హాలాహలమును పుట్టినది, అమృతకలశముతో ధన్వంతరియు వెలువడినాడు. ధన్వంతరి విష్ణ్వంశ. కావున వైద్యాలయమునకు పోవుట దైవమును విడుచుట కాదు. దైవము చాచిన చేతిని పట్టుకొనుట. 2030 నాటికి పాముకాటు మరణములను సగమునకు తగ్గింపవలెనని 2024లో కేంద్రప్రభుత్వము జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. ఆ ప్రణాళిక ఫలించుట పల్లెలోని ప్రతి గడప చేతిలోను ఉన్నది.

గౌతమి క్షమ

ఇంత చేసినను ఒక్కొక్కమారు ప్రాణము దక్కదు. అట్టి తల్లికి ఏమి చెప్పవలెను? అనుశాసనికపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన గౌతమి కథ అందుకొరకే యున్నది. ముదుసలియైన గౌతమి కుమారుడు పాముకాటున మరణించెను. అర్జునకుడను బోయ ఆ పామును బంధించి తెచ్చి, దీనిని నిప్పున వేయుదునా, ముక్కలు చేయుదునా అని అడిగెను. గౌతమి, "దీనిని చంపినంతనే నా బిడ్డ లేచునా? విడిచిపెట్టుము" అనెను. బోయ వినలేదు. పాము తాను మృత్యువు పంపగా వచ్చితిననెను. మృత్యువు వచ్చి తాను కాలమునకు లోబడితిననెను. కాలుడు వచ్చి ఇది బాలుని కర్మఫలమనెను. అంతట బోయ పామును విడిచెను. గౌతమి మనస్సు శాంతించెను.

ఈ కథను చెప్పి, అంతయు కర్మయే కనుక వైద్యమెందుకు అనువారు కలరు. వారు కథను సరిగా వినలేదు. గౌతమి కర్మయను మాట బిడ్డ బ్రతికియుండగా అనలేదు. బిడ్డ పోయిన పిమ్మట, పగను విడుచుటకొరకు విన్నది. కాటుపడిన క్షణమున తలచవలసినవాడు ధన్వంతరి. ప్రయత్నమంతయు ముగిసి, కన్నీరు మాత్రమే మిగిలినపుడు తలచవలసినది గౌతమి. ఈ రెంటి వేళలను తారుమారు చేసినచో ధర్మమే అధర్మమగును.

ఇపుడు పెరటిలో నిలిచిన ఆ గృహస్థు మనుమరాలికి చెప్పవలసిన సమాధానము కఠినమైనది కాదు. "అమ్మా, దానిని కొట్టవద్దు. దాని దగ్గరకును పోవద్దు. లోపలికి పోయి దీపము తెమ్ము." కుమారుడు కర్రను దింపును. కోడలు నాలుగడుగులు వెనుకకు వేయును. అత్తగారి ప్రార్థన ఆగనక్కరలేదు. దీపపు వెలుగు పడగా ఆ ప్రాణి కట్టెల చాటునుండి మెల్లగా జారి కంచె దాటి పొలములోనికి పోవును. మరునాటి ఉదయము ఆ కట్టెలమోపు ఇంటిగోడనుండి తొలగింపబడవలెను; ఆనాటి పూజలో అది మొదటి ఉపచారము.

శేషుని పడకగా గలవాడును, గరుడుని వాహనముగా గలవాడును, పుట్టువైరము గల ఆ ఇరువురిని ఒకే సన్నిధిలో సేవకులుగా నిలిపినవాడును అయిన శ్రీనివాసుడు, పల్లెపల్లెలోని పసిపాదములను కాపాడుచు, పాదము మోపు ముందు చూచు వివేకమును ఎల్లరకు ప్రసాదించుగాక.